సెప్టెంబరు 17: జెండా ఒకటే, పేర్లు మాత్రం ఎన్నో

2022 సెప్టెంబరు 17 ఉదయం హైదరాబాద్‌లో రెండు పెద్ద జెండా పండుగలు జరిగాయి. 1948లో భారత సైన్యం ముందు హైదరాబాద్ నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన తేదీ అది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా జెండా ఎగరేశారు. ఆ సభ పేరు హైదరాబాద్ విమోచన దినోత్సవం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అదే మూడు రంగుల జెండా ఎగరేశారు. ఆ సభ పేరు తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం. కమ్యూనిస్టు పార్టీలేమో అదే రోజు రైతాంగ సాయుధ పోరాట వారోత్సవాల ముగింపు సభలు పెట్టుకున్నాయి. సీపీఐ దీన్ని విలీన దినం అంటుంది. ఇంకొన్ని సంఘాల దృష్టిలో ఇది విద్రోహ దినం.

తర్వాతైనా చిక్కు విడిందా అంటే, లేదు. 2024 మార్చిలో కేంద్రం సెప్టెంబరు 17ను హైదరాబాద్ విమోచన దినంగా గెజిట్‌లో ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రంలోని కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని కొత్త పేరు పెట్టింది. ఆగస్టు 15కి దేశమంతటా ఒకే పేరు ఉంది. ఈ ఒక్క తేదీకి మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా ఫ్లెక్సీ మారుతోంది. పేరు మీద గొడవ పార్టీల ఓట్ల కోసమేనని చాలామంది కొట్టిపారేస్తారు. ఓట్ల లెక్క ఉన్నమాట నిజమే. కానీ ఆ లెక్క ఎక్కడో ఒకచోట నిజమైన జ్ఞాపకాల మీద నిలబడకపోతే ఇన్నేళ్లు సాగదు. ఒక్కో పేరు వెనక ఒక్కో రకం కుటుంబ చరిత్ర ఉంది. అందుకే ముందు ఆ రోజు ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నది చూడాలి.

1947 ఆగస్టు 15న గుంటూరులో, బెజవాడలో సంబరాలు జరుగుతుంటే వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ఆ స్వాతంత్ర్యంలో లేవు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత్‌లో గానీ పాకిస్తాన్‌లో గానీ చేరనని, బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయాక తాను స్వతంత్రుణ్ణని అంతకు రెండు నెలల ముందే ఫర్మానా ఇచ్చాడు. హైదరాబాద్ రాజ్యం అంటే చిన్న సంస్థానం కాదు. 82 వేల చదరపు మైళ్లు, సుమారు కోటీ అరవై లక్షల జనం, పదహారు జిల్లాలు. వాటిలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. సొంత రైల్వే, సొంత తపాలా బిళ్లలు, హాలీ సిక్కా అనే సొంత రూపాయి. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ భారత యూనియన్‌లో చేరాలని సత్యాగ్రహం మొదలుపెట్టింది. నిజాం రాజ్యంలో మూడు రంగుల జెండా ఎగరేయడమే నేరం. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టుకుని వచ్చిన జనం మీద కాల్పులు జరిపి ఇరవై మందికి పైగా చంపారు.

అదే ఏడాది నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం రాసుకున్నాయి. ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు ఉండాలన్నది దాని సారం. ఉన్నది ఉన్నట్టు ఏమీ ఉండలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని నిజాం అనుకూల సాయుధ దళం, రజాకార్లు, ఊళ్ల మీద పడ్డారు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న, ఊరి బురుజు మీంచి ఎదిరించిన జనాన్ని పట్టుకుని వంద మంది దాకా కాల్చి చంపారు. దానికి కొన్ని రోజుల ముందే హైదరాబాద్‌లో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడిరోడ్డు మీద హత్య చేశారు. భారత్‌లో కలవాలని ఉర్దూలో రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్న ముస్లిం యువకుడాయన. దీన్ని హిందూ-ముస్లిం కొట్లాటగా మాత్రమే చెప్పేవాళ్ల కథలో ఆయన పేరు ఎందుకో పెద్దగా వినపడదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచి కదిలింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి, ఇంకొకటి బెజవాడ వైపు నుంచి వచ్చాయి. దానికి ఆపరేషన్ పోలో అని పేరు. పత్రికల్లో, జనం నోట్లో మాత్రం పోలీసు యాక్షన్. సైనిక చర్య అంటే రెండు దేశాల యుద్ధం అన్నట్టవుతుంది, అప్పటికే నిజాం ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దాకా పోయింది కాబట్టి, ఇది మా ఇంటి వ్యవహారమని చెప్పుకోవడానికి పోలీసు అన్న మాట పనికొచ్చింది. ఐదో రోజు, 17వ తేదీ సాయంత్రం, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లాంఛనంగా లొంగిపోయాడు.

17న జరిగింది ఇంతే: కాల్పులు ఆగాయి. చాలామంది అనుకుంటున్నట్టు ఆ రోజు నిజాం గద్దె దిగలేదు. చట్టపరంగా చూస్తే విలీనమూ ఆ రోజు కాలేదు. ఆ తర్వాత ఏడాదికి పైగా జనరల్ చౌధురి మిలటరీ గవర్నరుగా పాలించాడు. ఆయన ఇచ్చే ఉత్తర్వులు కూడా నిజాం పేరు మీదే నడిచాయి. భారత రాజ్యాంగం హైదరాబాద్‌కు వర్తిస్తుందని నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు 23న. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు అదే నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, అంటే గవర్నరుతో సమానమైన పదవి. 1956 దాకా అందులోనే ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం కూడా అందింది. జనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వం 1952 మార్చిలో గానీ రాలేదు. అప్పుడు బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజాపాలన అన్న పేరుకు తేదీ వెతకాలంటే నిజానికి ఆ మార్చి నెల దగ్గర ఆగాలి. విమోచన అనే పేరు పెట్టినవాళ్లకు రాజప్రముఖ్ ఇబ్బంది. విలీనం అనే పేరు పెట్టినవాళ్లకు 1949 నవంబరు ఇబ్బంది. అయినా 17వ తేదీనే అందరూ పట్టుకున్నారు. ఎందుకంటే ఆ సాయంత్రం నుంచి రజాకార్ల భయం పోయింది. ఊళ్లలో మనుషులకు గుర్తున్నది అదే.

అయితే భయం పోయింది అందరికీనా? ఇక్కడే కథ చీలుతుంది.

నల్లగొండ, వరంగల్ పల్లెల్లో పోరాటం మొదలైంది భారత్‌లో చేరాలా వద్దా అన్న ప్రశ్న మీద కాదు. వెట్టిచాకిరీ, బలవంతపు లెవీ ధాన్యం, కౌలుదార్ల బేదఖళ్లు అంటే పొలాల నుంచి వెళ్లగొట్టడం, గడీల్లో దొరల దౌర్జన్యం మీద. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర (దేశ్‌ముఖ్) మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంటను దొర మనుషులకు దక్కకుండా ఆంధ్ర మహాసభ సంఘం అండతో ఇంటికి చేర్చుకుంది. ఆ కొట్లాటలో ఎదుటివాడు ఊరి దొర, ఎక్కువ చోట్ల హిందువే. దొరకు వెనక దన్ను నిజాం పోలీసు, తర్వాత రజాకార్. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ముగ్గురి పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఇది మతం గీత మీద నడిచిన పోరాటం కాదని. పార్టీ లెక్క ప్రకారం సుమారు మూడు వేల గ్రామాలు సంఘం చేతిలోకి వచ్చాయి, పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది ప్రాణాలిచ్చారు.

యూనియన్ సైన్యాలు వచ్చాక రజాకార్లు పారిపోయారు, దొరలు తిరిగొచ్చారు. పట్నాలకు పారిపోయి తలదాచుకున్న దేశ్‌ముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకుని మిలట్రీ వెనక ఊళ్లలోకి దిగారన్న మాట ఇప్పటికీ ఆ జిల్లాల్లో పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. పంచిన భూములు చాలాచోట్ల వెనక్కి పోయాయి. కమ్యూనిస్టు పార్టీలోనే వాదన లేచింది. నిజాం పోయాడు కాబట్టి ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి వంటివాళ్లు, భూమి కోసం కొనసాగించాలని ఇంకొందరు. పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. మొదటి ఏడాది నిజాంతో, తర్వాత మూడేళ్లు భారత సైన్యంతో. ఆ మూడేళ్లలో కొడుకును పోగొట్టుకున్న ఇంట్లో సెప్టెంబరు 17ను ఏమని పిలవాలి? విద్రోహం అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. దానికి 1952లో స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ ఉద్యమం మీద హైదరాబాద్‌లో జరిగిన కాల్పులు, 1956లో ఆంధ్రతో విలీనం మీద కోపం తర్వాత జతపడ్డాయి.

విచిత్రం ఏమిటంటే, పోరాటం విరమించిన కొన్ని నెలలకే జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి పండిట్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాజ్యంలో నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేశారు. తమ మీద తుపాకీ ఎత్తిన రాజ్యం పెట్టిన బ్యాలెట్ పెట్టెను అక్కడి జనం ఇంత ఇష్టంగా వాడుకోవడం చూస్తే, స్వాతంత్ర్యం అంటే వాళ్లకు ఏ రాజు, ఏ సైన్యం అన్నదానికంటే ఊళ్లో దొర ముందు తలెత్తుకోవడం ఎక్కువ ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

రెండో చీలిక ఇంకా బాధాకరమైంది, దాని గురించి మాట్లాడేవాళ్లు ఇంకా తక్కువ. పోలీసు యాక్షన్ తర్వాత వారాల్లో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ప్రతీకార హింస జరిగింది. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊరూరా తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. రజాకార్లతో ఏ సంబంధమూ లేని రైతులు, చేతిపని వాళ్లు అందులో ఉన్నారు. కొన్ని ఊళ్లలో హిందువులు తమ పొరుగువాళ్లను దాచిపెట్టి కాపాడిన సంగతీ ఆ నివేదికలోనే ఉంది. ఆ కాగితాలు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013 తర్వాత గానీ పరిశోధకులకు సులువుగా అందుబాటులోకి రాలేదు. రజ్వీ చేసిన పాపానికి ఖాసిం రజ్వీ ఎవరో కూడా తెలియని మనిషి శిక్ష అనుభవించాడు. రజ్వీ అయితే 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అందుకే విమోచనం అన్న మాట వినగానే పాతబస్తీలో చాలామంది మౌనంగా ఉంటారు. సమైక్యత అని పిలుద్దామని 2022లో అసదుద్దీన్ ఒవైసీ ఉత్తరాలు రాయడం వెనక ఎన్నికల లెక్క ఎంత ఉందో, ఈ మౌనమూ అంత ఉంది.

మహారాష్ట్రలో ఇదే రోజు మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. ముఖ్యమంత్రి ఔరంగాబాద్ వెళ్లి జెండా ఎగరేస్తారు. ఈ ఊరి పేరును ఇటీవల ఛత్రపతి శంభాజీనగర్‌గా మార్చారు. కర్ణాటకలో ముఖ్యమంత్రి కలబురగి వెళ్తారు. అక్కడ ఏ పార్టీ ఉన్నా పెద్దగా పేచీ రాదు. మరి వాళ్లకు లేని ఇబ్బంది మనకెందుకు అని బీజేపీ నాయకులు ఏటా అడుగుతారు. ప్రశ్న సబబే, జవాబు కూడా కష్టమైంది కాదు. ఆ మరాఠీ, కన్నడ జిల్లాలు ఎనిమిదీ 1956లో తమ భాష వాళ్లున్న రాష్ట్రాల్లో కలిశాయి. నిజాం నుంచి విముక్తి, ఆ తర్వాత సొంతవాళ్లతో కలయిక అని కథ ఒకే దారిలో సాగింది. తెలంగాణకు మూడు మెలికలు ఉన్నాయి. సాయుధ పోరాటం ఇక్కడే ఎక్కువ, సైన్యంతో తలపడిందీ ఇక్కడే. రాజధాని హైదరాబాద్ ఇక్కడే ఉంది, అంటే నిజాం కట్టించిన ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యం చేయించుకుని, ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుని, నిజాంసాగర్ నీళ్లతో పంట పండించుకున్నవాళ్ల జ్ఞాపకమూ ఇక్కడిదే. మూడోది, 1956లో ఆంధ్రతో కలయిక ఇక్కడ చాలామందికి పండుగలా అనిపించలేదు. మంచి జరిగిన తేదీ ఏదో, చెడు జరిగిన తేదీ ఏదో తేల్చుకోవడం ఆ రెండు ప్రాంతాల వాళ్లకంటే ఇక్కడివాళ్లకు కష్టం.

ఉమ్మడి రాష్ట్రంలో ఏ ప్రభుత్వమూ ఈ చిక్కులో వేలు పెట్టలేదు. 1956 నుంచి 2014 దాకా సెప్టెంబరు 17 అధికారిక క్యాలెండరులో లేనట్టే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో దీన్ని అధికారికంగా జరపాలని గట్టిగా అడిగిన పార్టీ, అధికారంలోకి వచ్చాక ఎనిమిదేళ్లు జరపలేదు. జరిపినప్పుడు కూడా, కేంద్రం పరేడ్ గ్రౌండ్స్ బుక్ చేశాకే. ఇంత మౌనం వల్ల ఒక నష్టం జరిగింది. స్కూల్లో మాస్టారు చెప్పాల్సిన చరిత్రను వాట్సాప్ ఫార్వర్డులు చెప్పడం మొదలుపెట్టాయి. అందులో రజాకార్లు ఉంటారు, దొర ఉండడు. లేదా దొర ఉంటాడు, రజాకార్ ఉండడు. సుందర్‌లాల్ నివేదిక దాదాపు ఎక్కడా ఉండదు.

తారీఖుల తంటా తెలంగాణకే పరిమితం అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌కు పుట్టినరోజు ఏదంటే ఇప్పటికీ తడుముకోవాలి. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. తెలంగాణతో కలిసింది 1956 నవంబరు 1న. విడిపోయింది 2014 జూన్ 2న. విడిపోయిన తర్వాత ఐదేళ్లు అవతరణ దినోత్సవం బదులు జూన్‌లో నవ నిర్మాణ దీక్ష చేశారు. 2019లో ప్రభుత్వం మారాక నవంబరు 1 తిరిగొచ్చింది, ఆ రోజు కలిసిన సగం ఇప్పుడు రాష్ట్రంలో లేకపోయినా సరే. కాకినాడకు దగ్గర్లో ఉన్న యానాం సంగతి ఇంకా వేరు. 1947 ఆగస్టు 15న అక్కడ ఎగురుతున్నది ఫ్రెంచి జెండా. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య, ఆయన అనుచరులు యానాంను ఫ్రెంచి వాళ్ల చేతిలోంచి తీసుకున్నారు. పాలన భారత్ చేతికి వచ్చింది 1954 నవంబరు 1న. ఫ్రాన్స్ కాగితాల మీద పూర్తిగా అప్పగించింది 1962 ఆగస్టు 16న. పుదుచ్చేరి ప్రభుత్వం ఇప్పుడు రెండు తేదీలనూ గుర్తిస్తుంది. ఒకటి విమోచన దినం, ఇంకొకటి చట్టబద్ధ బదిలీ దినం. ఒక తేదీ ఇంకో తేదీని అబద్ధం చేస్తుందని అక్కడెవరూ గొడవపడరు.

ఇప్పటి పౌరుడికి ఇదంతా ఏమిటి? హైటెక్ సిటీలో పనిచేసే ఇరవై ఐదేళ్ల కుర్రాడికి ఆగస్టు 15 అంటే అపార్ట్‌మెంట్ కింద జెండా, లడ్డూ, ఒక సెల్ఫీ, కుదిరితే లాంగ్ వీకెండ్. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. జెండా కింద నిలబడటానికి భయపడనక్కర్లేని కాలంలో పుట్టినవాడు దాన్ని తేలిగ్గా తీసుకోవడం, పరకాలలో చనిపోయినవాళ్లు కోరుకున్నదే అనుకోవచ్చు. సెప్టెంబరు 17 మాత్రం అతనికి ట్రాఫిక్ డైవర్షన్ మెసేజ్‌గా వస్తుంది. పరేడ్ గ్రౌండ్స్ వైపు వెళ్లొద్దు, అంతే.

పల్లెల్లో సంగతి కాస్త వేరు. అక్కడ ఈ తేదీ తాలూకు లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ఏళ్లుగా ఒకే పొలం దున్నుతున్న కౌలుదారును అది రక్షిత కౌలుదారుగా గుర్తించింది. తర్వాత ఆ చట్టంలోని 38ఈ సెక్షన్ కింద వాళ్లలో అర్హులకు యాజమాన్య హక్కు పత్రాలు ఇచ్చారు. సాయుధ పోరాటం ఒత్తిడి లేకుండా ఆ చట్టం అంత త్వరగా వచ్చేదని నేననుకోను. పత్రం చేతికి వచ్చినా, పట్టా దొర వారసుల పేరు మీదే ఉండిపోయిన చోట్లు ఎన్నో. ఆ భూమి చేతులు మారి, ప్లాట్లై, ధరలు ఆకాశాన్ని అంటాక హక్కు ఎవరిదన్న పేచీ మొదలైంది. 38ఈ పత్రాలు పట్టుకుని రెవెన్యూ ఆఫీసుల చుట్టూ, హైకోర్టు చుట్టూ తిరుగుతున్న మనవలు, మనవరాళ్లు రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. భూముల రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చినప్పుడు వాళ్ల పేర్లు ఏ కాలమ్‌లో ఉండాలన్నది మళ్లీ గొడవైంది.

ఏ పేరు సరైనదని నన్నడిగితే ఒక్కటీ పూర్తిగా సరిపోదంటాను. బైరాన్‌పల్లికి విమోచనమే. 1949లో కొడుకు చనిపోయిన నల్లగొండ ఇంటికి ఆ మాట నోటికి రాదు. ఉస్మానాబాద్ నుంచి పారిపోయి హైదరాబాద్ వచ్చిన ముస్లిం కుటుంబానికి రెండూ రావు. పుదుచ్చేరి లాగా ఒకటికి మించి తేదీలు పెట్టుకోవడానికి మనకు అడ్డేమీ లేదు. సెప్టెంబరు 17ను రజాకార్ల హింస ముగిసిన రోజుగా, 1952 మార్చిని తొలి ప్రజాప్రభుత్వం వచ్చిన నెలగా, 1946 జులై 4ను కొమురయ్య రోజుగా వేర్వేరుగా గుర్తుపెట్టుకోవచ్చు. సుందర్‌లాల్ నివేదిక తెలుగులో, ఉర్దూలో ప్రభుత్వ ఖర్చుతో అచ్చువేసి కాలేజీ లైబ్రరీలకు పంపవచ్చు. 38ఈ కేసుల కోసం జిల్లాకో ప్రత్యేక ట్రిబ్యునల్ వేసి, గడువు పెట్టి తేల్చవచ్చు. వీటిలో ఏదీ ఫ్లెక్సీ మీద పడదు కాబట్టి ఏ ప్రభుత్వమూ తొందరపడటం లేదు. వచ్చే సెప్టెంబరుకు కూడా రెండు చోట్ల రెండు జెండాలు ఎగురుతాయి, పేరు మీద చర్చలు సాయంత్రం దాకా టీవీల్లో నడుస్తాయి.